పుట్టిన ఊరు, పట్టిన పతాకం

ఇద్దరు తెలుగువారు పరదేశంలో కలుసుకొంటే మొదట పుట్టే ప్రశ్న "మీది ఏ ఊరు?" అన్నదే. మన ఫెరార్గంజ్ ప్రాంతంలో ఈ ప్రశ్నకు ఒకే ఇంటిలో మూడు సమాధానాలు వినిపిస్తాయి. తాతగారు శ్రీకాకుళం జిల్లా అంటారు. తండ్రిగారు పోర్ట్ బ్లెయిర్ అంటారు. ఇక్కడే పుట్టి ఇక్కడి బడిలోనే ఓనమాలు దిద్దుకొన్న పిల్లవాడు ఫెరార్గంజ్ అంటాడు. ముగ్గురూ చెప్పేది నిజమే. ముగ్గురూ ఒకే కుటుంబం.

ఒక దేశంలోనే ఊరు మారితే సమాధానం ఇంత చిక్కుపడుతుంటే, దేశమే మారినవారి మాట ఏమిటి? అందులోనూ వక్షస్థలంపై జాతీయ చిహ్నం ధరించి, వేలాది ప్రేక్షకుల ఎదుట ఆడవలసిన క్రీడాకారుడు దేశం మారితే అతనిని ఎవరివాడని చెప్పాలి? ఈ ప్రశ్నను రెండు జీవితాల ఆధారంగా పరిశీలించాలన్నది ఈ వ్యాసంలో మా ప్రయత్నం. ఒకరు ఐరోపా మంచు పొలాలలో పరుగులు తీసినవారు. మరొకరు మన హైదరాబాద్ మైదానాలలో ఆట నేర్చినవారు.

వలసల నేల

దేశాంతరం మాట మన ద్వీపవాసులకు కొత్త కాదు. 1920లలో అండమాన్ చీఫ్ కమిషనర్‌గా పనిచేసిన ఫెరార్ దొర పేరుతో వెలసిన ఈ ఊరికి తొలిరోజులలో వచ్చి నివసించినవారిలో భాంతూలు ముఖ్యులు. నాటి సంయుక్త రాష్ట్రాలకు చెందిన ఈ ప్రజలపై ఆంగ్ల ప్రభుత్వం "నేరస్థ జాతి" అనే ముద్ర వేసి సముద్రం దాటించింది. ఆ ముద్రను స్వతంత్ర భారతదేశం 1952లో తొలగించింది. 1921 మలబారు తిరుగుబాటు అనంతరం ఇక్కడికి పంపబడిన మాప్పిళ్ళలు తమ స్వగ్రామాల పేర్లనే ఇక్కడి పల్లెలకు పెట్టుకొన్నారు. 1949 నుండి తూర్పు బెంగాల్ కాందిశీకులు వచ్చారు. ఉత్తరాంధ్ర తీరం నుండి మన తెలుగువారు వలలతో, తెడ్లతో వచ్చారు. 2011 జనగణన నాటికి ఈ కేంద్రపాలిత ప్రాంతంలో సుమారు 13 శాతం మందికి తెలుగు మాతృభాష. చివరకు పోర్ట్ బ్లెయిర్ నగరమే 2024లో శ్రీ విజయపురం అయినది.

కొందరు ఇష్టపడి వచ్చారు, కొందరు బలవంతంగా తేబడ్డారు, మరికొందరు గత్యంతరం లేక వచ్చారు. మూడు తరాలు గడచిన పిమ్మట ఎవరు ఏ విధంగా వచ్చారని ఇక్కడ ఎవరూ లెక్కలు తీయరు. ఈ నేలపై వారు ఏమి పండించారు, ఏమి నిర్మించారు అన్నదే మిగిలింది. ఈ కొలబద్దను చేతపట్టుకొని క్రీడారంగం వైపు చూద్దాం.

మంచు మీద పరుగు

తెలుగులో మంచు అనే మాట ఒక్కటే. తెల్లవారుజామున గడ్డిపై మెరిసేదీ మంచే, హిమాలయ శిఖరాలపై పేరుకొనేదీ మంచే. ఎండాకాలం, వానాకాలం తప్ప మరొక ఋతువు ఎరుగని మన ద్వీపవాసులకు "క్రాస్ కంట్రీ స్కీయింగ్" అనే క్రీడను కొంత వివరించక తప్పదు.

పొడవైన సన్నని పలకలను పాదాలకు తొడుగుకొని, రెండు చేతులా ఊతకర్రలు పట్టుకొని, మంచు కప్పిన మైదానాలు, మిట్టలు దాటుతూ 10, 30, 50 కిలోమీటర్లు సాగే పరుగు ఇది. కొండ పైనుండి క్రిందికి జారే ఆట వేరు. ఇందులో ఎక్కడం, దిగడం, సమతలం మూడూ ఉంటాయి. పాదం మునివేళ్ళ వద్ద మాత్రమే పలకకు బిగించబడి, మడమ స్వేచ్ఛగా లేస్తుంది.

ఇందులోని యంత్రశాస్త్రం ముచ్చటైనది. జారడానికి రాపిడి తక్కువగా ఉండాలి. ముందుకు తన్నడానికి రాపిడి ఎక్కువగా ఉండాలి. ఒకే పలక ఈ రెండు పనులూ చేయాలి. పాత పద్ధతిలో వాడే పలకను లారీ కమాను పట్టీవలె మధ్యలో కొద్దిగా పైకి వంచి తయారు చేస్తారు. బరువు రెండు పాదాలపై సమంగా ఉన్నప్పుడు మధ్యభాగం మంచును తాకదు, పలక జారిపోతుంది. ఒక్క పాదంతో గట్టిగా నొక్కినప్పుడు వంపు సాగి, మధ్యభాగానికి పూసిన మైనం మంచును పట్టుకొంటుంది. జారుటకు, నిలుచుటకు మధ్య భేదం ఆటగాడి బరువులోను, అతడు దానిని వినియోగించే క్షణంలోను ఉన్నది.

ఇంత దూరం ఇంత వేగంగా సాగాలంటే కండరాలకు ప్రాణవాయువు విస్తారంగా అందాలి. దానిని మోసుకొని వెళ్ళేవి రక్తంలోని ఎర్రకణాలు. ఈ క్రీడ గొప్పతనమూ, దీనిని వెంటాడిన అపకీర్తీ రెండూ ఈ ఎర్రకణాల దగ్గరే ఉన్నాయి.

జర్మనీ నుండి స్పెయిన్‌కు

యోహాన్ మ్యూలెగ్ 1970లో జర్మనీలోని బవేరియా ప్రాంతంలో జన్మించారు. 1992, 1994, 1998 శీతాకాల ఒలింపిక్ క్రీడలలో జర్మనీ పక్షాన పాల్గొన్నారు. ప్రతిభ ఉన్నది కాని పతకం రాలేదు. ఈలోగా జట్టు నిర్వాహకులతో విభేదాలు ముదిరాయి. శిక్షకుడు తనకు ఆధ్యాత్మికంగా కీడు తలపెట్టాడని ఆయన బహిరంగంగా ఆరోపించేవరకు వ్యవహారం వెళ్ళినది. జర్మనీ జట్టులో ఇక తనకు చోటు లేదని తేలిన తరువాత 1999లో స్పెయిన్ పౌరసత్వం స్వీకరించారు.

ఒలింపిక్ నిబంధనల ప్రకారం ఒక దేశం తరఫున ఆడిన క్రీడాకారుడు మరొక దేశం తరఫున ఆడదలచితే సాధారణంగా 3 సంవత్సరాలు వేచి ఉండాలి. సంబంధిత సంస్థలన్నీ సమ్మతిస్తే ఈ గడువును తగ్గించవచ్చు. 1998 నుండి 2002 వరకు గల వ్యవధి మ్యూలెగ్‌కు సరిపోయినది.

స్పెయిన్‌కు ఈ క్రీడలో చెప్పుకోదగిన చరిత్ర లేదు. అక్కడి ప్రజలు ఆయనను "హువానితో" అని ముద్దుపేరుతో పిలుచుకొన్నారు. 1999-2000 సంవత్సరపు ప్రపంచ కప్పును ఆయన గెలుచుకొన్నారు. 2001లో ఫిన్లాండ్‌లోని లాహ్తీ నగరంలో 50 కిలోమీటర్ల పోటీలో ప్రపంచ విజేత అయ్యారు. 2002 ఫిబ్రవరిలో అమెరికాలోని సాల్ట్ లేక్ సిటీలో 30 కిలోమీటర్ల పరుగును, ఆ పిమ్మట రెండు విభాగాల వెంబడింపు పరుగును, ఫిబ్రవరి 23న 50 కిలోమీటర్ల పరుగును వరుసగా గెలిచారు. స్పెయిన్ రాజు హువాన్ కార్లోస్ స్వయంగా అభినందించారు.

ఆ ఆనందం ఒక్క రోజు కూడా నిలువలేదు. మరునాడే ఆయన పరీక్షా నమూనాలో డార్బెపోయెటిన్ అనే ఔషధం కనుగొన్నట్లు ప్రకటన వెలువడినది. మన మూత్రపిండాలు సహజంగా ఉత్పత్తి చేసే ఒక రసాయనం ఎముక మజ్జను ప్రేరేపించి ఎర్రకణాలను పెంచుతుంది. మూత్రపిండ రోగులలో ఆ కొరతను తీర్చుటకు తయారైన మందు ఇది. శరీరంలో మరింత కాలం నిలిచే విధంగా దాని నిర్మాణానికి అదనపు చక్కెర గొలుసులు చేర్చారు. ఆ చేర్పు వలన దాని విద్యుదావేశం సహజ రసాయనం కంటే భిన్నంగా ఉంటుంది. ప్రయోగశాలలో విద్యుత్ క్షేత్రం నడుమ ఉంచినప్పుడు అది వేరొక చోట గీతగా తేలుతుంది. దాచదలచిన వస్తువే తన చిరునామా తాను చెప్పినది.

50 కిలోమీటర్ల స్వర్ణం వెంటనే రద్దయినది. సుదీర్ఘ న్యాయవివాదం అనంతరం 2004లో మిగిలిన రెండు స్వర్ణాలను కూడా తొలగించారు.

దేశం మారినవాడు కనుకనే మోసానికి ఒడిగట్టాడని కొందరు తీర్పు చెప్పవచ్చు. ఆ తీర్పు సరికాదని మా అభిప్రాయం. 2001 లాహ్తీ పోటీలలోనే ఆతిథ్య దేశమైన ఫిన్లాండ్‌కు చెందిన ఆరుగురు క్రీడాకారులు నిషిద్ధ పద్ధతులకు దొరికిపోయారు. సాల్ట్ లేక్ సిటీలో ఇదే మందుతో పట్టుబడిన రష్యా క్రీడాకారిణులు లజూతినా, దానిలోవా ఇరువురూ తమ దేశపు చొక్కా విడిచినవారు కారు. మోసం రక్తంలోకి ఎక్కించిన మందులో ఉన్నది, చొక్కాపై కుట్టిన జెండాలో లేదు.

హైదరాబాద్ నుండి కరాచీకి

ఇక మన గడ్డకు వద్దాం. 1943 జూన్ 6న హైదరాబాద్‌లో జన్మించిన ఆసిఫ్ ఇక్బాల్ క్రికెట్ కుటుంబంలో పెరిగారు. భారత జట్టుకు సారథ్యం వహించిన సుప్రసిద్ధ ఆఫ్ స్పిన్ బౌలర్ గులాం అహ్మద్ ఆయనకు మేనమామ వరుస. పదహారేళ్ళ ప్రాయం దాటిన కొద్దికాలానికే ఆసిఫ్ హైదరాబాద్ పక్షాన రంజీ పోటీలలోను, దక్షిణ మండలం పక్షాన కూడా ఆడారు. 1961లో ఆయన పాకిస్తాన్‌కు తరలి వెళ్ళారు. అప్పటికి ఆయన వయస్సు 18 సంవత్సరాలు.

రెండు దేశాల పక్షాన ఆడినవారు అంతకు ముందూ ఉన్నారు. 1946లో భారత జట్టుతో ఇంగ్లండ్ పర్యటించిన అబ్దుల్ హఫీజ్ కార్దార్ 1952లో పాకిస్తాన్ తొలి టెస్టు సారథి అయ్యారు. ఆమిర్ ఇలాహీ, గుల్ మహమ్మద్ కూడా ఉభయ జట్లకు టెస్టులు ఆడారు. వారిని విభజన విడదీసినది. ఆసిఫ్ మాత్రం విభజన జరిగిన 14 సంవత్సరాల తరువాత, భారత టెస్టు జట్టు తలుపు ఇంకా తట్టకముందే బయలుదేరిన యువకుడు.

1964 అక్టోబరులో కరాచీలో ఆస్ట్రేలియాపై తొలి టెస్టు ఆడినప్పుడు ఆయన ప్రధానంగా కొత్త బంతి వేసే బౌలరు. బ్యాటింగులో చోటు చాలా దిగువన. క్రమక్రమంగా బంతి పని తగ్గి, బ్యాటు పని పెరిగినది.

లోకం ఆయనను గుర్తించిన రోజు 1967 ఆగస్టులో లండన్ ఓవల్ మైదానంలో వచ్చినది. ఇంగ్లండ్ మొదటి ఇన్నింగ్స్‌లో 440 పరుగులు చేయగా పాకిస్తాన్ 216తో సరిపెట్టుకొన్నది. రెండవ ఇన్నింగ్స్‌లో 65 పరుగులకే 8 వికెట్లు కూలినవి. ఇన్నింగ్స్ ఓటమి తప్పించుకోవాలన్నా ఇంకా 159 పరుగులు కావాలి. చేతిలో ఉన్నవి రెండు వికెట్లు. ఆ స్థితిలో ఆసిఫ్, ఇంతికాబ్ ఆలం జతగూడి తొమ్మిదో వికెట్‌కు 190 పరుగులు జోడించారు. ఆసిఫ్ 146, ఇంతికాబ్ 51. పాకిస్తాన్ ఆ టెస్టు ఓడినది. కాని తొమ్మిదో వికెట్ భాగస్వామ్యంలో అది ప్రపంచ రికార్డుగా 1998 వరకు చెక్కుచెదరలేదు.

ఆ మరుసటి సంవత్సరం నుండి ఆయన ఇంగ్లండ్‌లోని కెంట్ కౌంటీకి ఆడసాగారు. 1977లో ఆయన సారథ్యంలో కెంట్, మిడిల్‌సెక్స్‌తో కలసి కౌంటీ ఛాంపియన్‌షిప్ పంచుకొన్నది. 1973లో న్యూజిలాండ్‌లోని డునెడిన్‌లో ముష్తాఖ్ మహమ్మద్‌తో నాలుగో వికెట్‌కు 350 పరుగులు జోడించి తాను 175 చేశారు. 1977 జనవరిలో సిడ్నీలో పాకిస్తాన్ ఆస్ట్రేలియా గడ్డపై తొలి టెస్టు విజయం సాధించినప్పుడు 120 పరుగులు చేశారు. 1979 ప్రపంచ కప్పులో ఆయన నాయకత్వంలో పాకిస్తాన్ సెమీఫైనల్ చేరి, వెస్టిండీస్ చేతిలో 43 పరుగుల తేడాతో ఓడినది. మొత్తం 58 టెస్టులలో 3,575 పరుగులు, 11 శతకాలు, 53 వికెట్లు ఆయన ఖాతాలో చేరినవి. వికెట్ల నడుమ పరుగులో ఆనాటి మేటి ఆటగాళ్ళలో ఆయన ఒకరని క్రీడాభిమానులకు విదితమే.

నిలిచిపోయినవారి పరీక్ష

వెళ్ళిపోయినవారి కథ చెప్పేటప్పుడు నిలిచిపోయినవారి కథ విస్మరించరాదు. అదే హైదరాబాద్‌లో 1939లో జన్మించిన అబ్బాస్ అలీ బేగ్, ఆక్స్‌ఫర్డ్‌లో చదువుకొంటూ 1959లో మాంచెస్టర్‌లో భారత్ తరఫున ఆడిన తొలి టెస్టులోనే 112 పరుగులు చేశారు. 1960-61లో పాకిస్తాన్ జట్టు మన దేశానికి వచ్చినప్పుడు ఆయన బ్యాటు పలుకలేదు. ఆటలో ఇది అందరికీ కలిగే అనుభవమే. కాని ఆయనకు వచ్చిన కొన్ని ఉత్తరాలు ఆటను గురించి కావు, మతాన్ని గురించినవి. స్వదేశంపై ఆయనకు గల విధేయతనే శంకించిన ఉత్తరాలు. ఆయన జట్టులో స్థానం కోల్పోయారు. 1966-67లో వెస్టిండీస్‌పై మరల భారత టెస్టు జట్టులో ఆడారు.

ఒకే నగరం, ఇంచుమించు ఒకే తరం. ఒకరు దేశం మారి మరొక జట్టుకు సారథి అయ్యారు. మరొకరు దేశం వీడకుండానే దేశభక్తికి ఋజువు చూపమని అడిగించుకొన్నారు. పతాకం మారిన ఆటగాడిని నిలదీసేవారు ఈ రెండవ కథను కూడా జ్ఞాపకం ఉంచుకోవాలి. విధేయతకు కొలత జన్మ పత్రికలోను, పేరులోను దొరకదు. అట్లు వెదకిన వారి చేతనే మనిషి గాయపడతాడు.

ఈడెన్ గార్డెన్స్ వీడ్కోలు

1960-61 తరువాత భారత్, పాకిస్తాన్ జట్లు 1978 వరకు టెస్టులలో తలపడలేదు. రెండు యుద్ధాలు నడుమ గడచినవి. 1979 నవంబరులో పాకిస్తాన్ జట్టు భారతదేశానికి వచ్చినప్పుడు సారథి ఆసిఫ్ ఇక్బాల్. 18 ఏళ్ళ ప్రాయంలో ఈ దేశం విడిచినవారు 36 ఏళ్ళ వయస్సులో ప్రత్యర్థి జట్టుకు నాయకుడై తిరిగి వచ్చారు. ఆరు టెస్టుల ఆ సిరీస్‌లో భారత్ బొంబాయిలోను, మద్రాసులోను గెలిచి 2-0తో నెగ్గినది. సారథిగా ఆయనకు అది చేదు అనుభవం.

చివరి టెస్టు 1980 జనవరి 29న కలకత్తా ఈడెన్ గార్డెన్స్‌లో ప్రారంభమైనది. ఆసిఫ్‌కు అదే ఆఖరి టెస్టు. వికెట్ల నడుమ మెరుపువలె పరుగెత్తే ఆ ఆటగాడి చివరి ఇన్నింగ్స్ రనౌట్‌తో ముగియడం విధి విలాసం. ఆయన తిరిగి వెళుతున్నప్పుడు ఈడెన్ ప్రేక్షకులు లేచి నిలబడి చప్పట్లతో వీడ్కోలు పలికారు. విభజన గాయాన్ని ఇంటింటా ఎరిగిన బెంగాల్ రాజధాని అది. ఆ ప్రేక్షకులలో తూర్పు బెంగాల్ నుండి కట్టుబట్టలతో వచ్చిన కుటుంబాలవారు ఉండకపోరు. అయినను వారు మంచి ఆటగాడికి ఇవ్వవలసినది ఇచ్చారు.

ఆట విరమించిన పిదప ఆయన షార్జాలో అబ్దుల్ రహమాన్ బుఖాతిర్‌తో కలసి క్రికెట్ పోటీల నిర్వహణలో ప్రధాన పాత్ర వహించారు. ఆ పోటీల ద్వారా భారత, పాకిస్తాన్ దేశాల ఆటగాళ్ళు ఎందరికో ఆర్థిక సహాయం అందినది. ఏ రెండు దేశాల నడుమ ఆయన జీవితం విడిపోయినదో, ఆ రెండు దేశాలవారూ ఒకే వేదికపై గౌరవం పొందారు.

పతాకం లేని ఆట

జెండా లేకపోవడం ఎట్లుంటుందో కూడా మన క్రీడాకారులు చవిచూశారు. 2014లో రష్యాలోని సోచీ శీతాకాల ఒలింపిక్స్ ప్రారంభమైనప్పుడు భారత ఒలింపిక్ సంఘం సస్పెన్షన్‌లో ఉన్నది. ఆరు ఒలింపిక్స్‌లో ల్యూజ్ క్రీడలో పాల్గొన్న శివ కేశవన్, కేరళ తండ్రికి, ఇటలీ తల్లికి జన్మించి భారత్ పక్షాన్నే నిలిచినవారు, ఆ ఏడు ఒలింపిక్ పతాకం క్రింద స్వతంత్ర క్రీడాకారుడిగా పోటీ చేయవలసి వచ్చినది. ఫిబ్రవరి 11న సస్పెన్షన్ ఎత్తివేశారు. అటు తరువాత జమ్మూ కాశ్మీర్‌కు చెందిన సైనికుడు నదీమ్ ఇక్బాల్ 15 కిలోమీటర్ల క్రాస్ కంట్రీ స్కీయింగ్‌లో త్రివర్ణ పతాకం క్రింద పరుగు తీశారు. ఆయన ముందు వరుసలో లేరు. పరుగు మాత్రం తన దేశం పేరున పూర్తి చేశారు.

కొలబద్ద ఏది?

ఇద్దరు దేశాలు మారారు. మ్యూలెగ్‌కు కొత్త దేశం రాజుగారి అభినందనతో సహా అన్నీ ఇచ్చినది. ఆయన తిరిగి ఇవ్వవలసినది నిజాయితీగల పరుగు ఒక్కటే. అది ఇవ్వలేకపోయారు. ఆసిఫ్ వెళ్ళిన చోట దిగువ స్థానంలో ఆట ప్రారంభించి, ఓటమి అంచున నిలబడి పరుగులు తీసి, నాయకత్వం వరకు ఎదిగారు. విడిచి వచ్చిన గడ్డపై ఓడిపోయినా, ఆ గడ్డ మనుషుల చప్పట్లు అందుకొన్నారు. ఇరువురి మధ్య భేదం పౌరసత్వ పత్రంలో లేదు, చేసిన పనిలో ఉన్నది.

మన సంస్థలో బదిలీ ఉత్తర్వు రాని ఉద్యోగి ఉండడు. విశాఖపట్నం నుండి ఇక్కడికి, ఇక్కడి నుండి మరొక చోటికి సామాను కట్టిన ప్రతి ఇల్లాలికీ, నడుమలో బడి మారిన ప్రతి పిల్లవాడికీ ఈ విషయం అనుభవంలోనిదే. కొత్త ఊరు మొదట మనలను పేరుతో పిలువదు, ఎక్కడినుండి వచ్చారని పిలుస్తుంది. కాలక్రమాన మనం చేసిన పనిని బట్టి పిలుస్తుంది. వాన రాత్రి తెగిన తీగ కలిపినవారని, పంపు నిలిచిపోకుండా చూచినవారని, పిల్లలకు లెక్కలు చెప్పినవారని చెప్పుకొంటుంది.

కనుక మన పిల్లలను "మీది ఏ ఊరు?" అని ఎవరైనా అడిగినప్పుడు వారు తడబడనవసరం లేదు. తాతగారి ఊరూ వారిదే, పుట్టిన ఫెరార్గంజ్ కూడా వారిదే. రేపు చదువుకో, ఉద్యోగానికో ఏ తీరం చేరితే అదీ వారిదే కావచ్చు. చేరిన చోట ఆట నియమం తప్పకుండా ఆడడం, విడిచిన చోటును తూలనాడకుండా ఉండడం, ఈ రెండూ నేర్పి పంపగలిగితే తల్లిదండ్రులుగా మన బాధ్యత నెరవేరినట్లే.